ఎక్స్‌ట్రాక్షన్ మెషిన్ కొనేటప్పుడు ఏం చూడాలి?

(సోఫా, కార్పెట్ క్లీనింగ్ పనిలో ఉన్నవాళ్ల కోసం, కొత్తగా మొదలుపెట్టాలనుకుంటున్నవాళ్ల కోసం హైదరాబాద్‌లో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యి ఊపండి, ఇంకొంచెం గట్టిగా మాట్లాడతాను. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

ముందు ఒక మాట అడుగుతాను. సొంతంగా ఎక్స్‌ట్రాక్షన్ మెషిన్, అంటే నీళ్లు చల్లి మురికితో సహా వెనక్కి లాగే మెషిన్, ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. సరే. కొందామని చూస్తున్నవాళ్లు? ఆ, చాలామందే ఉన్నారు. అయితే ఇవాళ్టి మాట ముఖ్యంగా మీకోసం. ఉన్నవాళ్లు కూడా వినండి, రెండో మెషిన్ కొనేటప్పుడు పనికొస్తుంది.

షాపుకు వెళ్తే మనకు ఏం చూపిస్తారు? ట్రిగ్గర్ నొక్కుతారు, నీళ్లు చివ్వున వస్తాయి. "చూశారా సార్, ఎంత ప్రెషరో!" అంటారు. మనం కూడా ఆ నీళ్లనే చూస్తాం. నీళ్లు చల్లడానికి ఇంత ఖరీదైన మెషిన్ ఎందుకండీ? చెట్లకు మందు కొట్టే స్ప్రేయర్ చాలదూ? చల్లిన నీళ్లు వాటిలో కరిగిన మురికితో సహా బయటికి రావాలి. కస్టమర్ మనకు డబ్బులిచ్చేది దానికి. రాకపోతే ఏమవుతుంది? సోఫా రెండు రోజులైనా ఆరదు. లోపలి స్పాంజి ముక్క వాసన వస్తుంది. పైకి మెరిసిన గుడ్డ మీద మూడో రోజుకు గోధుమరంగు చారలు తేలతాయి. అడుగున ఉన్న మురికి, తడి ఆరుతున్న కొద్దీ పోగుల వెంట పైకి ఎక్కుతుంది. అప్పుడు ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ ఎలా ఉంటుందో ఇక్కడ చాలామందికి తెలుసు.

అందుకే మొదటే చెప్పేస్తున్నాను. ఎంత చల్లుతుందో చూసి కొనకండి, ఎంత వెనక్కి లాగుతుందో చూసి కొనండి. ఈ రోజు నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఏ మెషిన్ గురించి మాట్లాడుకుంటున్నామో కూడా తేల్చుకుందాం, ఎందుకంటే మన ఊళ్లో అన్నిటినీ కలిపేస్తారు. వెట్ అండ్ డ్రై వాక్యూమ్ అంటే నీళ్లను కూడా పీల్చే వాక్యూమ్, అంతే. అందులో పంపు ఉండదు, నీళ్లు చల్లదు. స్టీమ్ మెషిన్ వేరు, అది నిజంగా ఆవిరి వదులుతుంది. పాంఫ్లెట్లలో "స్టీమ్ క్లీనింగ్" అని రాసేది చాలాసార్లు ఆవిరి కాదు, వేడి నీళ్లు. ఇక గుండ్రటి బ్రష్ తిరిగే సింగిల్ డిస్క్ మెషిన్‌తో షాంపూ రుద్ది, తర్వాత వాక్యూమ్‌తో లాగే పద్ధతి. ఆఫీసుల్లో ఏళ్ల తరబడి నడుస్తున్నది అదే. దాన్ని తప్పుపట్టను గానీ, షాంపూ చాలావరకు కార్పెట్‌లోనే ఉండిపోతుంది, జిడ్డుకు దుమ్ము మళ్లీ త్వరగా అంటుకుంటుంది. ఎక్స్‌ట్రాక్షన్ మెషిన్‌లో రెండు ట్యాంకులుంటాయి. ఒకదానిలో మంచి నీళ్లు, ఒకదానిలో మురికి నీళ్లు. ఒక పంపు, ఒకటో రెండో వాక్యూమ్ మోటార్లు, రెండు గొట్టాలు, చివర వాండ్, అంటే మనం చేత్తో పట్టుకుని గుడ్డ మీద నడిపే పిడి. చల్లడం, లాగడం ఒకే చేతిలో జరుగుతాయి. అమెరికాలో 1972లో మొదలైన ఐఐసీఆర్‌సీ అనే సంస్థ ఉంది. కార్పెట్ క్లీనింగ్‌కు ఎస్100, సోఫాలకు ఎస్300 అని ప్రమాణాలు రాసింది వాళ్లే. ఈ పద్ధతిని వాళ్లు వేడి నీటి ఎక్స్‌ట్రాక్షన్ అంటారు. అక్కడ పెద్ద కంపెనీలు మెషిన్‌ను వ్యాన్‌లోనే బిగించేసి, వీధిలోంచి ఇంట్లోకి గొట్టం లాగుతాయి. మన కొండాపూర్‌లో పన్నెండో అంతస్తుకు అలా గొట్టం లాగగలమా? లాగలేం. కాబట్టి మనకు పోర్టబులే దారి.

సరే, ఎవరి ఇంటికి వెళ్తున్నాం మనం? ఇది అడగకుండా మెషిన్ ఎంచుకోవద్దు. అమెరికా ఇంట్లో గోడ నుంచి గోడకు కార్పెట్ ఉంటుంది. మన ఇళ్లలో టైల్స్, మార్బుల్, గ్రానైట్. ఇంట్లో మనకు వచ్చే పని సోఫా, పరుపు, డైనింగ్ కుర్చీలు, కారు సీట్లు. ఎక్కడో హాల్లో ఒక చిన్న తివాచీ. కార్పెట్ పని ఎక్కడుంది? హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఉంది. హోటళ్లలో, కాన్ఫరెన్స్ హాళ్లలో, మసీదుల్లో, సినిమా హాళ్లలో ఉంది. ఇవి రెండూ వేర్వేరు పనులు. రెండింటికీ ఒకే మెషిన్ అని ఎవరైనా అంటే, ఆగి ఆలోచించండి. నూటికి తొంభై సోఫాలే చేసేవాడు 45 లీటర్ల ట్యాంకు, రెండు మోటార్లు ఉన్న బరువైన మెషిన్ కొంటే, అది సగం రోజులు గోడౌన్‌లోనే ఉంటుంది. రాత్రంతా ఆఫీసు ఫ్లోర్ చేయాల్సినవాడు చిన్న మెషిన్ కొంటే, తెల్లారేదాకా నీళ్లు నింపడం, పారబోయడంతోనే సరిపోతుంది.

ఇప్పుడు సక్షన్, అంటే నీళ్లను వెనక్కి పీల్చడం. ఇక్కడ కొంచెం ఓపిగ్గా వినండి.

బ్రోచర్‌లో వాట్లు రాస్తారు. 1200 వాట్లు, 1400 వాట్లు, రెండు మోటార్లు అయితే 2400 వాట్లు. వాట్లు అంటే మోటార్ ఎంత కరెంటు తింటుందో చెబుతుంది. ఎంత లాగుతుందో చెప్పదు. మనం చూడాల్సినవి రెండు అంకెలు. ఒకటి వాటర్ లిఫ్ట్, లాగే బలం. దాన్ని అంగుళాల్లో రాస్తారు, యూరప్ కంపెనీలైతే మిల్లీబార్లలో రాస్తాయి. ఒక అంగుళం అంటే సుమారు 2.5 మిల్లీబార్లు. రెండోది గాలి ప్రవాహం, సెకనుకు ఎన్ని లీటర్ల గాలి లోపలికి వెళ్తుందో. అమెరికా వాళ్లు సీఎఫ్ఎం అంటారు, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగులు అని. ఉదాహరణకు మన దగ్గర చాలామంది వాడే, జర్మనీ కంపెనీ కార్చర్ వాళ్ల పుజీ 10/1 మెషిన్ తీసుకోండి. దాని మీద 220 మిల్లీబార్లు, సెకనుకు 54 లీటర్లు అని ఉంటుంది. అంటే దాదాపు 88 అంగుళాల లిఫ్ట్, 114 సీఎఫ్ఎం. ఇలా మార్చుకుంటేనే ఒక జర్మన్ మెషిన్‌ను, ఒక చైనా మెషిన్‌ను, ఒక అమెరికా మెషిన్‌ను పక్కపక్కన పెట్టి పోల్చగలం.

ఈ రెండూ ఏం చేస్తాయి? పోగుల అడుగున, స్పాంజి దగ్గర పట్టుకుని కూర్చున్న నీటిని ఊడబెరికేది లిఫ్ట్. ఊడి వచ్చిన నీటి చుక్కల్ని గొట్టం పొడవునా మోసుకెళ్లేది గాలి. తూర్పార పట్టేటప్పుడు పొట్టును ఎగరేసుకుపోయేది గాలే కదా, ఇక్కడ చుక్కల్ని కూడా అలాగే తీసుకుపోతుంది. గాలి చాలకపోతే చుక్కలు గొట్టంలోనే ఆగిపోతాయి. వాక్యూమ్ ఆపగానే ఆ నీళ్లన్నీ వాండ్‌లోంచి మళ్లీ సోఫా మీదికి కారతాయి. చూశారు కదా మీరంతా? అది అదే.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ చెప్పరు. బ్రోచర్‌లో ఉన్న ఆ రెండు అంకెలూ ఒకేసారి రావు. గొట్టం మూతి పూర్తిగా మూసేసినప్పుడు, అంటే గాలి సున్నా అయినప్పుడు, అత్యధిక లిఫ్ట్ వస్తుంది. మూతి పూర్తిగా తెరిచి ఉంచినప్పుడు అత్యధిక గాలి వస్తుంది. మన పని ఎప్పుడూ ఈ రెండింటి మధ్యనే. అందుకని ఒక అంకె చాలా పెద్దగా ఉండి, రెండోది అసలు రాయకపోతే అనుమానించండి. అడగండి. చెప్పలేకపోతే ఆ మెషిన్ పక్కన పెట్టండి.

మోటార్లలో టూ స్టేజ్, త్రీ స్టేజ్ అని వింటుంటారు. లోపల ఫ్యాన్లు ఎన్ని వరసలు ఉన్నాయో అది. వరసలు పెరిగితే సాధారణంగా లిఫ్ట్ పెరుగుతుంది, గాలి కొంత తగ్గుతుంది. రెండు మోటార్లుంటే వాటిని ఎలా కలిపారో అడగండి. ఒకదాని వెనక ఒకటి కలిపితే లిఫ్ట్ పెరుగుతుంది, పక్కపక్కన కలిపితే గాలి పెరుగుతుంది. సోఫాకు, పరుపుకు చిన్న వాండ్, పొట్టి గొట్టం. అక్కడ లిఫ్ట్ ఉన్న ఒక్క మంచి మోటారు సరిపోతుంది. ఆఫీసు కార్పెట్‌కు పెద్ద వాండ్, పొడవాటి గొట్టం. అక్కడ గాలి కావాలి.

గొట్టం అన్నాను కాబట్టి దాని సంగతీ చెబుతాను, ఎందుకంటే మంచి మెషిన్ కొని గొట్టం దగ్గర పాడుచేసుకునేవాళ్లను చాలామందిని చూశాను. అంగుళంన్నర గొట్టం, రెండు అంగుళాల గొట్టం. చూడ్డానికి అరంగుళమే తేడా. లోపలి వెడల్పు లెక్కేస్తే, రెండు అంగుళాల గొట్టంలో గాలి పోయే దారి ముప్పావు వంతుకు పైగా ఎక్కువ. పొడవు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. 7 మీటర్లతో బాగా లాగిన మెషిన్ 15 మీటర్లకు వెళ్తే మందగిస్తుంది. మెషిన్‌ను బాత్‌రూమ్ దగ్గర పెట్టి బెడ్‌రూమ్‌లోకి గొట్టం లాగుదాం అనుకుంటారు. వద్దు, చక్రాలున్నాయి కదా, మెషిన్‌నే దగ్గరికి తీసుకెళ్లండి. గొట్టంలో ఎక్కడైనా సన్నటి చీలిక ఉన్నా, ట్యాంకు మూత రబ్బరు సరిగ్గా కూర్చోకపోయినా, సక్షన్ అక్కడే పోతుంది. పరీక్ష తేలిక. వాండ్ మూతిని అరచేతితో గట్టిగా మూయండి, మోటార్ శబ్దం సన్నబడి పైకి పోవాలి. పోకపోతే ఎక్కడో గాలి కారుతోంది.

ఇప్పుడు పంపు. ప్రెషర్ ఎక్కువైతే మంచిదేగా అని అడుగుతారు. దేనికి మంచిది? పుజీ 10/1 లాంటి చిన్న మెషిన్‌లో పంపు 1 బార్ ప్రెషర్ ఇస్తుంది, అమెరికా కొలతలో చెబితే సుమారు 14.5 పీఎస్ఐ, నిమిషానికి ఒక లీటరు నీళ్లు. అమెరికా తరహా పోర్టబుల్స్‌లో 100 పీఎస్ఐ, 200 పీఎస్ఐ, టైల్స్ కడగడానికైతే 500 వరకు ఉంటుంది. 100 పీఎస్ఐ అంటే దాదాపు 7 బార్లు. ఆఫీసులో దట్టంగా తొక్కిన కార్పెట్‌కు అంత ప్రెషర్ ఉపయోగమే. అదే సోఫా మీద కొడితే నీళ్లు గుడ్డ దాటి లోపలి స్పాంజిలోకి దిగుతాయి. స్పాంజిలోకి దిగిన నీటిని ఏ మెషినూ పూర్తిగా తీయలేదు. గుర్తుపెట్టుకోండి, ఏ మెషినూ. అందుకే పెద్ద మెషిన్ కొనేవాళ్లు ప్రెషర్ తగ్గించుకునే నాబ్ ఉన్నదే కొనండి. సోఫాకు తగ్గించి, కార్పెట్‌కు పెంచుకోవచ్చు.

(సభలో ఒకరు: సార్, మరి వేడి నీళ్లు? హీటర్ ఉన్నది తీసుకోవాలా?)

మంచి ప్రశ్న, తమ్ముడూ. నేను అక్కడికే వస్తున్నాను.

1959లో హెర్బర్ట్ సిన్నర్ అనే జర్మన్ రసాయన నిపుణుడు ఒక మాట చెప్పాడు. మురికి పోవడానికి నాలుగు కలవాలి. కెమికల్, వేడి, రుద్దుడు, సమయం. ఒకటి తగ్గితే మిగతావి పెంచుకోవచ్చు. అంటే వేడి లేకపోయినా పని జరుగుతుంది. ముందు పొడి వాక్యూమ్ బాగా చేసి, ప్రీ స్ప్రే, అంటే మురికిని ముందే నానబెట్టే కెమికల్, కొట్టి, పది పదిహేను నిమిషాలు ఆగి, బ్రష్‌తో రుద్ది లాగితే చల్లటి నీళ్లతోనే చాలా సోఫాలు బాగవుతాయి. వంటింటి పక్కన ఉండే డైనింగ్ కుర్చీల నూనె జిడ్డుకు మాత్రం వేడి తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

హీటర్ గురించి చిన్న లెక్క చెబుతాను, రాసుకోండి. 2000 వాట్ల హీటర్, నిమిషానికి ఒక లీటరు నీరు ఆగకుండా పోతుంటే, ఆ నీటిని సుమారు 28 డిగ్రీలు పెంచగలదు. 25 డిగ్రీల నీళ్లు 53 అవుతాయి. నిమిషానికి రెండు లీటర్లు పోతే 14 డిగ్రీలే పెరుగుతుంది. మనం ఆపి ఆపి చల్లుతాం కాబట్టి కాస్త కోలుకుంటుంది, నిజమే. కానీ "మరిగే నీళ్లు వస్తాయి సార్" అని ఎవరైనా అంటే ఈ లెక్క ముందు పెట్టండి. ఆ 2000 వాట్లు ఎక్కడి నుంచి వస్తాయి? కస్టమర్ ఇంటి ప్లగ్ నుంచి. మన ఇళ్లలో హాల్లో ఉండేవి చిన్న ప్లగ్‌లు, 6 ఆంపియర్లవి. 230 వోల్టులతో గుణిస్తే 1380 వాట్లు. ఒక్క వాక్యూమ్ మోటార్‌తోనే అది నిండిపోతుంది. పెద్ద పవర్ ప్లగ్, 16 ఆంపియర్లది, 3680 వాట్లు ఇస్తుంది. రెండు మోటార్లకు 2400, హీటర్‌కు 2000, మొత్తం 4400. ఆ పవర్ ప్లగ్ కూడా చాలదు. అందుకే పెద్ద మెషిన్లకు రెండు వైర్లు ఉంటాయి, రెండిటినీ వేర్వేరు లైన్లలో పెట్టాలి. మన ఇళ్లలో 16 ఆంపియర్ల ప్లగ్‌లు ఎక్కడుంటాయి? గీజర్ దగ్గర, ఏసీ దగ్గర, వంటింట్లో. ఏసీ ప్లగ్ ఎక్కడో గోడ మీద పైన ఉంటుంది. అక్కడి నుంచి హాల్లోకి వైరు లాగాలి. కాబట్టి హీటర్ ఉన్న మెషిన్ కొంటే, మంచి ఎక్స్‌టెన్షన్ వైరు కూడా దాని ఖర్చులో కలిపి చూసుకోండి. మూడు తీగల రాగి వైరు, 2.5 స్క్వేర్ ఎంఎంది, ఎర్తింగ్ ఉన్నది. సన్న వైరు పెడితే చుట్టలోనే వేడెక్కి కరుగుతుంది. తడిలో నిలబడి చేసే పని మనది, ఎర్తింగ్ లేని ఇంట్లో మెషిన్ ఆన్ చేయకండి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఉన్న ప్లగ్ బాక్స్ మన సొంతంగా వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. ఇది కుర్రాళ్ల ప్రాణాల సంగతి, అందుకే మళ్లీ చెబుతున్నాను. ఎర్తింగ్ చూడకుండా ఆన్ చేయకండి.

హీటర్ లేని మెషిన్ అయితే? కస్టమర్ గీజర్ నీళ్లు పట్టుకోవచ్చు. ట్యాంకులో ఎన్ని డిగ్రీల వరకు పోయొచ్చో మాన్యువల్‌లో ఉంటుంది, అది దాటితే పంపు రబ్బర్లు దెబ్బతింటాయి. చిన్న పనులకు ఇదే చవకైన మార్గం, నా మాట వింటే మొదటి మెషిన్‌కు హీటర్ వద్దు.

అమెరికా మెషిన్ల సంగతి కూడా చెప్పాలి. మనలో చాలామందికి అక్కడ అన్నో అక్కో ఉన్నారు. వచ్చేటప్పుడు ఒకటి తెమ్మంటే తెస్తారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా పెడితే మోటార్ కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలంటే రెండు మూడు వేల వాట్లది కావాలి, అది మెషిన్ అంత బరువుంటుంది. స్పేర్లు దొరకవు. ప్రేమతో తెచ్చినా సరే, వృత్తి పనికి అది వద్దు.

హైదరాబాద్‌లో హీటర్ కొనేవాళ్లు నీళ్ల గురించి కూడా ఆలోచించాలి. చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు. తాగునీటికి మన దేశ ప్రమాణంలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిది, వేరే దారి లేకపోతే 600 వరకు అనుమతి. బోరు నీళ్లు చాలా చోట్ల ఈ పైహద్దు దగ్గరే ఉంటాయి. ఆ నీళ్లు వేడెక్కితే సున్నం పొర కడుతుంది. మీ ఇంటి గీజర్ కాయిల్ చూశారా? హీటర్ గొట్టంలో, నీళ్లు చల్లే మూతి అంటే నాజిల్‌లో కూడా అదే కడుతుంది. నాజిల్ చివర సగం మూసుకుపోతే ఒక పక్క తడి, ఒక పక్క పొడి, చారలు పడతాయి. నెలకోసారి నిమ్మ ఉప్పు నీళ్లతో, అంటే సిట్రిక్ యాసిడ్‌తో, లైన్ కడుక్కోండి. కొనేటప్పుడు నాజిల్ చేత్తో ఊడి వస్తుందా, విడిగా దొరుకుతుందా అడగండి.

బరువు గురించి త్వరగా చెప్పేస్తాను. 10 లీటర్ల మెషిన్ ఖాళీగా 11 కిలోల లోపు ఉంటుంది, నీళ్లు పోస్తే 20 దాటుతుంది. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఎవరు మోస్తారు? మీరు కాదు, మీ దగ్గర పనిచేసే కుర్రాడు. నింపకుండా ఎక్కించి, పైన నింపుకోండి. మురికి ట్యాంకు విడిగా ఊడి వచ్చేది చిన్న మెషిన్లలో సుఖం, పెద్ద వాటిలో కింద డ్రెయిన్ గొట్టం ఉండి తీరాలి. ఆ నీళ్లు బాత్‌రూమ్‌లోనే పోయాలి. బాల్కనీ జాలీలో పోయకండి, చాలా అపార్ట్‌మెంట్లలో అది వాన నీళ్ల లైన్‌లోకి పోతుంది.

నురగ. మెషిన్లను ఎక్కువగా చంపేది ఇదే. మనకంటే ముందు ఎవరో వచ్చి షాంపూ పోసి వెళ్లిన సోఫా ఉంటుంది. మనం లాగగానే మురికి ట్యాంకు నిండా నురగ లేస్తుంది. ట్యాంకు నిండితే తేలి మోటార్ దారి మూసే ఫ్లోట్ లోపల ఉంటుంది, అది నీళ్లకే పనిచేస్తుంది, నురగ దాన్ని దాటి మోటార్‌లోకి పోతుంది. నురగను అణిచే మందు, డీఫోమర్, ఒక మూతెడు మురికి ట్యాంకులో ముందే వేసుకోండి. కొనేటప్పుడు ట్యాంకు మూత పారదర్శకంగా ఉందో లేదో చూడండి, నురగ పైకి వచ్చేది కంటికి కనిపించాలి.

మరో విషయం, మన ప్రాంతపు నేత గురించి. ఏలూరు ఉన్ని తివాచీలు, వరంగల్ దరీలు. వరంగల్ దరీకి 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది, అది నూలుది. ఇలాంటివి ఇంట్లో కనిపిస్తే నేరుగా వాండ్ పెట్టకండి. తెల్ల గుడ్డ తడిపి ఒక మూల నొక్కి చూడండి, రంగు దిగితే ఎక్స్‌ట్రాక్షన్ వద్దని మర్యాదగా చెప్పండి. ఉన్నికి ఎక్కువ వేడి, క్షారం ఎక్కువున్న కెమికల్ రెండూ పనికిరావు. పాతకాలం తివాచీ ఒకటి పాడైతే దాన్ని మళ్లీ నేసిచ్చేవాళ్లను వెతకడం ఎంత కష్టమో ఆలోచించండి. వాళ్ల తాతల నాటిదని చెప్పి మన చేతుల్లో పెడతారు. ప్రెషర్ తగ్గించే నాబ్ కావాలని ఇందాక ఎందుకన్నానంటే, ఇలాంటివాటికి కూడా.

వానాకాలం మాట. జూలై, ఆగస్టుల్లో గాలిలోనే తేమ. విశాఖ, కాకినాడ నుంచి వచ్చినవాళ్లకైతే ఏడాదిలో చాలా నెలలు అంతే. మెషిన్ ఎంత లాగినా కొంత తడి ఉంటుంది, అది 24 గంటల్లోపు ఆరిపోవాలి. ఎయిర్ బ్లోవర్ ఒకటి కొనండి. మెషిన్ బడ్జెట్‌లోంచి కొంత తగ్గించయినా కొనండి. నేల మీద పెట్టి గాలి కార్పెట్‌ను రాసుకుంటూ పోయేలా తిప్పాలి. కస్టమర్‌కు ఏసీ డ్రై మోడ్‌లో పెట్టమని చెప్పి రండి.

సర్వీస్. వాక్యూమ్ మోటార్‌లో కార్బన్ బ్రష్‌లు అరుగుతాయి. అవి అరగడం లోపం కాదు, టైరు అరిగినట్టే అరుగుతాయి. ఎవరు మారుస్తారు? హైదరాబాద్‌లో దొరుకుతాయా, ఢిల్లీ నుంచి రావాలా? పంపు విడిగా ఇస్తారా, మొత్తం యూనిట్ మార్చమంటారా? ఇవి కొనకముందే అడగాలి. అడగడమే కాదు, మోటార్, పంపు, గొట్టం, మూత రబ్బరు, ఈ నాలుగింటి ధరలు కాగితం మీద రాయించుకోండి. రాసివ్వనివాళ్ల దగ్గర కొనకండి. ఆన్‌లైన్‌లో పేరు తెలియని మెషిన్ సగం ధరకు వస్తుంది, నిజమే. మొదటి సీజన్‌లో మోటార్ పోతే దాన్ని తూకానికి వేయాల్సిందే. సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు మురికి ట్యాంకు మూత తీసి వాసన చూడండి. కుళ్లు వాసన వస్తే ఆ మెషిన్‌ను రోజూ కడగలేదు, మోటార్‌లోకి కూడా తడి పోయుండవచ్చు.

చివరగా, షాపులో పరీక్ష ఎలా చేయాలి? ఇది మాత్రం తప్పకుండా చేయండి. ఆఫీసుల్లో వేసే కార్పెట్ టైల్ ఉంటుంది, 50 సెంటీమీటర్లు బై 50 సెంటీమీటర్లు. ఒక ముక్క మీ సంచిలో పెట్టుకోండి. కూరగాయలు తూచే చిన్న డిజిటల్ కాటా ఒకటి. ముక్కను పొడిగా తూచండి, కిలో అనుకుందాం. నీళ్లు చల్లి తూచండి, 1300 గ్రాములైంది. అంటే 300 మిల్లీలీటర్లు లోపలికి పోయాయి. ఇప్పుడు ఒకసారి లాగి, మీద రెండుసార్లు పొడిగా లాగి, మళ్లీ తూచండి. 1060 వచ్చిందనుకోండి. 300లో 240 వెనక్కి వచ్చాయి, నూటికి 80. ఇంకో మెషిన్‌తో అదే ముక్క, అన్నే నీళ్లు, అన్నే సార్లు, అదే వేగం. 1120 వచ్చింది, అంటే నూటికి 60. బ్రోచర్ ఏం చెప్పినా సరే, మీకు కావాల్సింది మొదటిది. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, మీరు పనిలో వాడబోయే పొడవు గొట్టంతోనే చేయించండి. షాపులో రెండు మీటర్ల గొట్టంతో చూపించి, మీకు పది మీటర్లది అమ్మితే ఈ తూకం పనికిరాదు. సోఫాలు ఎక్కువ చేసేవాళ్లు కార్పెట్ ముక్క బదులు గుడ్డ తొడిగిన స్పాంజి ముక్క తీసుకెళ్లండి. "ఇలా ఎవరూ అడగరు సార్" అంటారు. అననివ్వండి. మీ డబ్బు, మీ తూకం.

బయట వరండాలో మూడు మెషిన్లు పెట్టాం. ఒకటి 10 లీటర్లది, ఒకటి రెండు మోటార్లది, ఒకటి హీటర్ ఉన్నది. కాటా, కార్పెట్ ముక్కలు, స్పాంజి ముక్కలు అక్కడే ఉన్నాయి. నలుగురు నలుగురుగా రండి, ప్రతి ఒక్కరూ వాండ్ పట్టుకుని లాగి, మీ చేత్తో తూచి, అంకెలు రాసుకోండి. హీటర్ ఉన్నదాని రెండు వైర్లూ నేను పెట్టాక గానీ ఎవరూ ముట్టుకోవద్దు.